వీడియో సరే, కూర్చునేదెక్కడ?

ఏటా సెమిస్టర్ చివరికొచ్చేసరికి మా స్టాఫ్ రూముకు ప్రశ్నావళులు పట్టుకుని పిల్లలు వస్తారు. ఎం.ఎడ్. వాళ్లు, ఎంబీఏ వాళ్లు. వాళ్ల ప్రాజెక్టుకు ‘శాంపుల్’ కావాలి, మా డిగ్రీ పిల్లలు సులువుగా దొరుకుతారు. మొన్న ఒకమ్మాయి తెచ్చిన కాగితం మీద ‘ఆన్‌లైన్ అభ్యసనం పట్ల విశ్వవిద్యాలయ విద్యార్థుల వైఖరి’ అని ఉంది. కింద వరసగా వాక్యాలు, ఒక్కోదాని పక్కన అయిదు గళ్లు. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ దగ్గర మొదలై ‘అస్సలు అంగీకరించను’ దాకా.

నేను స్టాటిస్టిక్స్ చెప్తాను. అందుకని ఇలాంటి కాగితాలంటే నాకు కొంచెం ప్రేమ, చాలా అనుమానం. క్లాసులో పంచితే పది నిమిషాల్లో అన్నీ తిరిగొచ్చాయి. వెనక బెంచీ పిల్లాడొకడు పైనుంచి కిందిదాకా మధ్య గడిలోనే టిక్కులు కొట్టాడు, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. ఏంట్రా ఇది అంటే, “అట్లయితే ఎవ్వరికీ ఇబ్బంది ఉండదు గద మేడమ్” అన్నాడు.

నవ్వొచ్చింది కానీ, వాడి తప్పేం లేదు. ఆన్‌లైన్ చదువు నీకిష్టమా అని అడగడం సిటీ బస్సు నీకిష్టమా అని అడిగినట్టే. ఏ బస్సు? పొద్దున ఎనిమిదిన్నరకు ఫుట్‌బోర్డు మీద వేలాడే బస్సా, మధ్యాహ్నం కిటికీ పక్క సీటు దొరికే బస్సా? పైగా సగం మంది ‘చాలా ఇష్టం’ అని, సగం మంది ‘అస్సలు వద్దు’ అని టిక్కు పెడితే సగటు వచ్చి సరిగ్గా మధ్య గడిలో కూర్చుంటుంది. ఇక రిపోర్టులో ‘విద్యార్థులకు స్పష్టమైన వైఖరి లేదు’ అని రాసేస్తారు. అంత స్పష్టంగా ఉన్నవాళ్ల గురించి!

ఇన్నేళ్లు వీళ్లను చూశాక నాకు తోచిందొకటుంది. పిల్లలు ఏమనుకుంటున్నారో గళ్లలో వెతక్కండి. వాళ్లు డబ్బులు దేనికి పెడుతున్నారో చూడండి, ఎక్కడికెళ్లి కూర్చుంటున్నారో చూడండి.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఈ పిల్లలకు ఆన్‌లైన్ కొత్తేం కాదు. డిగ్రీ సీటు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతిలో వస్తుంది, 2016 నుంచి అంతే. ఫీజు ఫోన్లో, రిజల్ట్స్ ఫోన్లో. ఇప్పుడు నా ముందు కూర్చున్నవాళ్లు లాక్‌డౌన్ నాటికి హైస్కూల్లో ఉన్నారు. 2020 సెప్టెంబరు 1న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు టీవీ ముందు నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్న తరం ఇది. 2021 ఫిబ్రవరి 1న బళ్లు, కాలేజీలు తెరిచారు, మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు. రెండు నెలలు కూడా నిండలేదు. ఆ సంబరం, ఆ నీరసం రెండూ చూసినవాళ్లకు స్క్రీన్ మీద పాఠం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

సరే, అమీర్‌పేటకు వెళ్దాం.

మైత్రీవనం చుట్టుపక్కల గోడలేవో, ఫ్లెక్సీలేవో తెలీని రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. జావా, ఒరాకిల్, టెస్టింగ్ అంటూ చేతిలో పాంప్లెట్లు కుక్కేవాళ్లు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్లో దిగి, పొద్దున ఏడింటి బ్యాచ్‌కు పరిగెత్తేవాళ్లు. కరోనా తర్వాత చాలా కోర్సులు ఆన్‌లైన్ అయ్యాయి. ఫీజూ తగ్గింది, ఇంట్లో కూర్చుని వినొచ్చు. ఇక హాస్టళ్లు ఖాళీ అయిపోతాయనుకున్నాను. అవలేదు.

పోయినేడాది మా పాత విద్యార్థి ఒకడు ఎస్సార్‌నగర్‌లో కనపడ్డాడు. నల్లగొండ దగ్గర పల్లె. ఏం చేస్తున్నావంటే ఫుల్ స్టాక్ అనే సాఫ్ట్‌వేర్ కోర్సు అన్నాడు. ఎక్కడ అంటే ఆన్‌లైన్ అన్నాడు. మరి ఇక్కడెందుకున్నావ్ అంటే హాస్టల్ అన్నాడు. నలుగురున్న రూములో పై మంచం మీద బోర్లా పడుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని క్లాసు వింటాడట. ఆ క్లాసు చెప్పే సార్ ఏ ఊళ్లో ఉంటాడో వాడికి తెలీదు.

“అదేదో ఇంట్లో ఉండి వినొచ్చు కదరా, హాస్టల్ డబ్బులు మిగుల్తాయి?”

“ఇంట్ల ఉంటే ఖాళీగ ఉన్నట్టే లెక్క మేడమ్.”

ఈ మాట నాతో ఇంటిదాకా వచ్చింది. ఇంట్లో ఫోన్ చూస్తూ కూర్చున్న పిల్లాణ్ని తండ్రి మోటారు వేసి రమ్మంటాడు, తల్లి కిరాణా కొట్టుకు పంపుతుంది, మేనమామ వస్తే బస్టాండు నుంచి తీసుకురావాలి. వాళ్లు దుర్మార్గులేం కాదు. తెల్లారి నాలుగింటికి లేచి పనిచేసే మనిషికి, పడుకుని ఫోన్ చూస్తున్న కొడుకు చదువుకుంటున్నాడని ఎలా తెలుస్తుంది? అదే కొడుకు ‘హైదరాబాద్‌ల ఉండి కోర్సు చేస్తుండు’ అంటే ఊరంతా నమ్ముతుంది. నెలనెలా కట్టే హాస్టల్ అద్దెలో మంచం, అన్నం, నీళ్ల సాంబారు లెక్క కొంతే. మిగతాదంతా ‘నన్ను చదువుకోనివ్వండి’ అనే చీటీ ఖరీదు.

అశోక్‌నగర్‌లో ఇంకా బాహాటంగా ఉంటుంది. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ల పేట అది. సందు సందుకీ స్టడీ హాల్. లోపల ప్లైవుడ్ అడ్డుపెట్టిన చిన్న చిన్న గూళ్లు, గూటికొక ప్లగ్ పాయింటు, పైన లైటు. ఏసీకి ఒక రేటు, ఫ్యానుకు ఒక రేటు. అక్కడ కూర్చున్నవాళ్లలో పుస్తకం చదివేవాళ్లెంతమందో, ఫోన్లో క్లాసు చూసేవాళ్లూ అంతమంది కనపడ్డారు నాకు. కోర్సు ఒక యాప్‌లో కొన్నారు, అది చూడ్డానికి కుర్చీ వేరే కొన్నారు. అదీ దొరకనివాళ్లు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే సొంత పుస్తకాలతో వచ్చి జాగా పట్టుకుంటారు. లోపల నిండితే బయట చెట్ల కింద.

ఇంత జరుగుతుంటే మనం ఇంకా ‘ఆన్‌లైనా, ఆఫ్‌లైనా?’ అని చర్చాగోష్ఠులు పెట్టుకుంటున్నాం. ఈ పిల్లలు ఎప్పుడో తేల్చేశారు. పాఠం ఎక్కణ్నుంచి వచ్చినా వాళ్లకు పట్టింపు లేదు. వినడానికి కూర్చునే చోటు మాత్రం ఇల్లు కాకూడదు.

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదని నాకు మా అమ్మ వల్ల తెలుసు. అమ్మ తొమ్మిదో తరగతిలో ఉండగా చదువు మాన్పించి పెళ్లి చేశారు. మన రాష్ట్రంలో 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది. అప్పటి పేరు ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. దాని మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారినే తర్వాత జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఇగ్నోకు కూడా మొదటి వైస్ చాన్సలర్‌గా తీసుకెళ్లారు. అప్పట్లో సర్టిఫికెట్లేమీ లేకపోయినా అర్హత పరీక్ష రాస్తే డిగ్రీలో చేరే వీలుండేది. అమ్మ రాసింది, పాసయింది, బీఏలో చేరింది. నేనప్పుడు ఒకటో తరగతో, రెండో.

పుస్తకాలు వచ్చేవి. రేడియోలో పాఠాలు వచ్చేవి. కానీ అమ్మను ఇప్పుడడిగితే పుస్తకాల సంగతి చెప్పదు, రేడియో సంగతి అసలు చెప్పదు. ఆ టైముకు పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేదట. ఆమె చెప్పేదంతా ఆదివారాల గురించే. ఒక ప్రభుత్వ కాలేజీలో స్టడీ సెంటర్, అక్కడ ఆదివారం క్లాసులు. టిఫిన్ డబ్బా కట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరేది. అక్కడ ఒక అంగన్‌వాడీ టీచరు, ఒక ఆర్టీసీ కండక్టరు, ఒక నర్సు స్నేహితులయ్యారు. “ఆ రోజు వంట ఎవరు చేస్తారని మీ నాన్న ఎప్పుడూ అడగలేదు. క్లాసు కదా!” అంటుంది. మిగతా ఆరు రోజులూ అదే పుస్తకం ఇంట్లో తెరిస్తే మాత్రం ‘ఏంటి, ఖాళీగా ఉన్నావా’ అనేవారట. చూశారా, నల్లగొండ పిల్లాడి మాటే! ముప్పై ఏళ్ల తేడాతో.

దూరవిద్యను మొదలుపెట్టినవాళ్లకు దూరం నుంచి పాఠం పంపితే సరిపోదని తెలుసు. అందుకే స్టడీ సెంటర్లు పెట్టారు. అంతకుముందు 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలోనూ అంతే. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు, మన రాష్ట్రంలోని ఊళ్లకు తెలుగులో కార్యక్రమాలు. ఊరికొక టీవీ, అదీ పదిమంది కూర్చునే చోట. అప్పట్లో ఇంటికొక టీవీ ఇచ్చే స్తోమత లేక అలా చేశారు, నిజమే. కానీ లేమి వల్ల అయినా ఒక మంచి పని జరిగింది. మనకు కలిమి వచ్చాక మనిషికొక స్క్రీన్ ఇచ్చి, కూర్చునే చోటు సంగతి మర్చిపోయాం.

ఇక అమ్మాయిల విషయం.

లాక్‌డౌన్లో నేనూ అందరిలాగే ‘కెమెరా ఆన్ చేయండి’ అని గదమాయించాను. నల్లటి గళ్లకు పాఠం చెప్పడం ఎంత చిరాకో చెప్పిన వాళ్లకే తెలుస్తుంది. ఒకమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా చేసేది కాదు. తర్వాత కాలేజీ తెరిచాక తెలిసింది. ఇంట్లో ఉన్నది ఒకటే గది. వాళ్ల నాన్న అపార్ట్‌మెంట్లో నైట్ వాచ్‌మన్. తొమ్మిదిన్నర క్లాసుకు ఆయన నిద్రపోతుంటాడు, ఆమె వెనకాలే. కెమెరా ఆన్ చేస్తే నలభై మందికీ కనపడేది ఆయనే. మ్యూట్ తీస్తే ఆయనకు మెలకువ వస్తుంది. ‘డౌట్లుంటే అడగండి’ అని నేను ప్రతి క్లాసు చివరా అడిగేదాన్ని. ఎవరూ అడగట్లేదు, అందరికీ అర్థమైపోతోంది అనుకున్నాను కూడా! ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ అమ్మాయి లాంటివాళ్లకు కాలేజీ అంటే పాఠం ఒక్కటే కాదు. పొద్దున ఇల్లు దాటడానికి పెద్దవాళ్లు ఒప్పుకునే కారణం అది. క్లాసు ఆన్‌లైన్ అయిందంటే ఆ కారణం పోయినట్టే. ‘మీకే సౌకర్యం, ప్రయాణం తప్పుతుంది’ అని మనం చెప్తాం. వాళ్లకు కావాల్సిందే ప్రయాణం. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక మా క్లాసులో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు క్లాసు లేని రోజు కూడా రావడం మొదలుపెట్టారు. ఎందుకొచ్చారంటే ‘రికార్డెడ్ వీడియోలు చూసుకోనీకి’ అన్నారు. ఫోన్లో, కారిడార్ మెట్ల మీద కూర్చుని! ఫ్రీ బస్సు మీద ఎవరేం వాదించుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఈ మెట్ల లెక్క కూడా అందులో వేసుకుంటే చాలు.

ఇంత చెప్పానని నన్ను ‘గురువు ఎదుట కూర్చుంటేనే చదువు’ అనే జట్టులో వేసేయకండి. ఆ జట్టు మీద నాకు గౌరవం లేదు. మా దగ్గర ఒకడు పగలు కాలేజీ, సాయంత్రం నుంచి బైక్ మీద డెలివరీలు. హోటల్ ముందు ఆర్డర్ కోసం నిలబడ్డ పావుగంటల్లో పాఠం వింటాడు. వాడికి వీడియో లేకపోతే చదువే లేదు. చంటిపిల్ల ఉన్న తల్లికీ అంతే, వీల్‌చైర్‌లో వచ్చి లిఫ్ట్ లేని బిల్డింగు కింద ఆగిపోయే పిల్లాడికీ అంతే.

పైగా నా పాఠం నాకంటే నా వీడియోనే బాగా చెప్తుంది. బైనామియల్ డిస్ట్రిబ్యూషన్ మీద 2020లో నేను రికార్డు చేసిన పాఠం ఒకటుంది. మూడుసార్లు తప్పు పోయి, నాలుగోసారి కుదిరింది. మొన్న అదే పాఠం క్లాసులో చెప్పాక ఒకమ్మాయి మెల్లగా, “మేడమ్, మీరు వీడియోలనే మంచిగ చెప్తరు” అంది. కాసేపు కోపం వచ్చింది. ఆలోచిస్తే నిజమే. క్లాసులో నేను హాజరు వేస్తాను, ఆలస్యంగా వచ్చినవాళ్లను చూస్తాను, సగంలో అటెండరు సర్క్యులర్ తెస్తాడు. వీడియోలో ఇవేం ఉండవు. అర్థం కాకపోతే వెనక్కి జరుపుకోవచ్చు, అర్థమైతే రెండింతల స్పీడులో పెట్టుకోవచ్చు. నా గొంతు రెండింతల స్పీడులో విన్నాను ఒకసారి, పొరుగింట్లో పోట్లాటలా ఉంది, అది వేరే సంగతి.

వీడియో చేయలేనిది ఒకటే. లెక్క దగ్గర పిల్ల పెన్ను ఆగిపోయినప్పుడు ఆ ఆగడం దానికి కనపడదు. పక్క పిల్లకు కనపడుతుంది, నాకు కనపడుతుంది. (కెమిస్ట్రీ వాళ్ల గోడు ఇంకా ఎక్కువ. స్క్రీన్ మీద టైట్రేషన్ చేస్తే రంగు ఎప్పుడూ సరైన చుక్క దగ్గరే మారుతుందట, చెయ్యి వణకదట.)

అంటే పాఠం ఇంట్లో, లెక్కలు క్లాసులో అని తిరగేస్తే సరిపోతుందని మీరనొచ్చు. నేనూ అన్నాను. కానీ మళ్లీ అదే దగ్గరికి వచ్చాం. ఏ ఇంట్లో? ఆ వాచ్‌మన్ గారి గదిలోనా?

పైవాళ్ల లెక్కలు చూడండి. విశ్వవిద్యాలయాల పైన ఉండే యూజీసీ 2021లో ‘స్వయం’ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక కోర్సులకు సెమిస్టర్లో 40 శాతం దాకా అవకాశమిచ్చింది. అదే ఏడాది మే నెలలో బ్లెండెడ్ (కొంత క్లాసులో, కొంత ఆన్‌లైన్లో) పద్ధతి మీద ముసాయిదా ఇచ్చి, మిగతా కోర్సుల్లోనూ 40 శాతం దాకా ఆన్‌లైన్లో చెప్పొచ్చంది. నాకా శాతంతో గొడవ లేదు. ఎంత పాఠం స్క్రీన్ మీద ఉండాలో లెక్కేశారు, మంచిదే. ఆ 40 శాతం సేపు పిల్ల ఎక్కడుంటుందో కూడా ఎవరైనా లెక్కేయాలి కదా. ఇంట్లో ఉంటుందిలే అనుకున్నారు. అక్కడే తప్పింది.

ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో కోర్సులు చేసే మా పిల్లల్ని చూసినా ఇదే. పాఠాలు ఐఐటీ ప్రొఫెసర్లవి, ఉచితం. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. పరీక్ష మాత్రం వెయ్యి రూపాయలు కట్టి, సెంటర్‌కు వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్ జవాబులు గడువుకు ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి. అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఒంటరిగా కూర్చుంటే కాపీ కొట్టేవాళ్లే, ఇద్దరు ముగ్గురు ఒక బల్ల చుట్టూ చేరితే ‘ఈ ఆన్సర్ ఎట్ల వచ్చిందే?’ అనడం నేను విన్నాను. ప్రతిసారీ అంటారని చెప్పను. అన్నప్పుడు మాత్రం చుట్టూ బల్ల ఉంటుంది.

కాలేజీలో నాలుగు కాగానే గదులకు తాళాలు పడతాయి. నలభై గదులు, నలభై తాళాలు, ఒకే గుత్తి. లైబ్రరీ అయిదింటికి. వైఫై ఉంది, పాస్‌వర్డ్ మాత్రం కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ వాళ్లొచ్చిన వారం పనిచేసింది. సాయంత్రం అయిదు నుంచి పొద్దున తొమ్మిది దాకా ఊళ్లో అన్నిటికంటే పెద్ద ఖాళీ జాగాలు కాలేజీలే. అటు అశోక్‌నగర్‌లో అదే వయసు పిల్లలు గూటికి అద్దె కట్టి కూర్చుంటున్నారు. మా కాలేజీ ఒక్కదాన్నే అనడం లేదు. స్నేహితులు పనిచేసే చోట్లా ఇంతే.

మా ప్రిన్సిపాల్ గారితో ఇదంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. “ఏమన్నా అయితే బాధ్యత ఎవరిదమ్మా? ఆడపిల్లలుంటారు, చీకటి పడుతుంది. అటెండరు ఓటీ అడుగుతాడు” అన్నారు. మూడూ న్యాయమైన ప్రశ్నలే. మూడింటికీ జవాబు డబ్బు. ఒక గదికి ఒక మనిషి, రెండు గంటల అదనపు జీతం. స్మార్ట్ బోర్డుకు పెట్టిన దాంట్లో ఎంతో కొంత. ఆ స్మార్ట్ బోర్డు మీద ప్రస్తుతం నా చీర కొంగు తగలకుండా గుడ్డ కప్పి ఉంటుంది. ఆ మాట ఆయనతో అనలేదులెండి.

బేరమాడి బేరమాడి రెండో అంతస్తులో ఒక గది సాధించాం, ఆరున్నర దాకా. వారానికి మూడు రోజులు నేను ఉంటాను, రెండు రోజులు కామర్స్ సార్. పాఠం చెప్పం. ఎవరి వీడియో వాళ్లు చూసుకుంటారు, ఎవరి పని మేం చేసుకుంటాం. మొదటివారం ఆరుగురు వచ్చారు. తర్వాత కుర్చీలు పక్క గది నుంచి తెచ్చుకున్నారు. ఒకసారి వెళ్లి చూస్తే అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్సే, గది నిశ్శబ్దంగా ఉంది. ఇంతలో ఒకమ్మాయి చెవిలోంచి ఒకటి తీసి పక్కపిల్ల చెవిలో పెట్టి, ‘ఇగో, ఇది విను, నీకు సమజైతే నాకు చెప్పు’ అంది.

వచ్చినవాళ్లు రిజిస్టర్లో రాయాలని ప్రిన్సిపాల్ గారి షరతు. పేరు, రోల్ నంబరు, వచ్చిన టైము, పోయిన టైము, కారణం. కారణం దగ్గర ఎక్కువమంది ‘ఆన్‌లైన్ క్లాస్’ అని రాస్తున్నారు. కాలేజీకొచ్చి ఆన్‌లైన్ క్లాసేంటని అటెండరు మొదట్లో నన్నడిగేవాడు, ఇప్పుడడగడం మానేశాడు. నిన్న తిరగేస్తుంటే మన మధ్య గళ్ల కుర్రాడి పేరు కూడా కనపడింది. కారణం దగ్గర ‘ఫ్యాన్ ఉంది’ అని రాశాడు.